పాము మాస్టారితో భీమిలి దాకా

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజుల్లో, ఒక గురువారం పొద్దున ఆరున్నరకు మల్కాజ్‌గిరి నుంచి సిటీ బస్సులో సికింద్రాబాద్ స్టేషన్ చేరాను. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో లైబ్రరీ నుంచి తెచ్చిన లావుపాటి చేపల పుస్తకం. ప్లాట్‌ఫారం మీద బెంచీలో దేవదానం సార్ అప్పటికే కూర్చుని ఉన్నారు. ఆయన ఒళ్ళో తువ్వాలు చుట్టిన గాజు సీసా ఉంది. ఆ సీసాలో ఉన్నది పామా, చేపా అని తేల్చుకోవడానికి మేమిద్దరం విశాఖపట్నం వెళ్తున్నాం.

ఈ అవసరం ఎందుకొచ్చిందో ముందే చెప్పడం మంచిది. లాలాగూడలో ఒక మిషన్ హైస్కూల్లో సార్ ముప్పై ఏళ్ళుగా జీవశాస్త్రం చెబుతున్నారు. నేను ఆయన దగ్గరే చదువుకుని, ఆయన రిటైరయ్యే ఏడాది అదే బడిలో అదే సబ్జెక్టు చెప్పడానికి చేరాను. మా ప్రయోగశాల అలమారలో, ఫార్మలిన్‌లో నిలవ ఉంచిన చేతెడు పొడుగు జంతువు ఒకటి ఉండేది. సీసా మీద ఆయన చేతిరాతతో ‘సముద్రపు పాము, అత్యంత విషపూరితం’ అన్న చీటీ. టీచర్ ట్రైనింగ్ రోజుల్లో భీమిలి తీరానికి విహారానికి వెళ్ళినప్పుడు అది ఇసుకలో మెలికలు తిరుగుతుంటే అందరూ కేకలు పెట్టి పరుగెత్తారట. ఆయన ఒక్కరే వంగి, వట్టి చేత్తో మెడ పట్టి పైకెత్తారట.

ఈ కథ మా రైల్వే కాలనీ మొత్తానికి తెలుసు. అందుకని ఎవరి క్వార్టర్లో పాము దూరినా ముందు ఈయన కోసమే మనిషిని పంపేవారు. ఈయన చాక్‌పీసు కింద పెట్టి, కర్ర ఒకటి పట్టుకుని వెళ్ళి పామును సంచిలో వేసుకుని వచ్చేవారు. పాము మాస్టారు అంటే తప్ప ఆటోవాళ్ళకు ఆయన ఇల్లు తెలియదు.

ఆ ఏడాది వానాకాలంలో నేను అలమార తుడుస్తుంటే తడికి చీటీ ఊడి చేతిలోకి వచ్చింది. చీటీ ఉన్న చోట, ఇన్నాళ్ళూ ఎవరికీ కనపడని మెడ కనపడింది. మెడ పక్కన చిన్న చీలిక.

“సార్, దీనికి మొప్ప ఉన్నట్టున్నది. పాముకు మొప్పలెక్కడియి?” అన్నాను.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చూశారు. “అది నేను పట్టుకున్నప్పుడు నా గోరు గుచ్చుకున్న గాయం.”

“రెండో దిక్కు సుత ఉన్నది సార్.”

“నాకు రెండు వైపులా గోళ్ళున్నాయి.”

“మరి తోక? సముద్రపు పాము తోక తెడ్డు లెక్క చదునుగ ఉంటది. దీనిది మొనదేలి ఉన్నది.”

“ముప్పై ఏళ్ళు సీసా అడుక్కి ఆనుకుని ఉందయ్యా. అరిగిపోదూ?”

మాట స్టాఫ్ మీటింగు దాకా వెళ్ళింది. అక్కడ ఓట్లు తీశారు. పాముకు తొమ్మిది, చేపకు నాలుగు పడ్డాయి. డ్రాయింగు మాస్టారు ఎటూ చెయ్యెత్తలేదు. ఓట్లతో ఇది తేలదని హెడ్‌మిస్ట్రెస్ గారికి అనుమానం వచ్చింది. ప్రాక్టికల్ పరీక్షల్లో పిల్లలు ఏం రాయాలో తెలియాలి కదా అని, విశాఖలో తెలిసినవాళ్ళకు చూపించి రమ్మని మా ఇద్దరికీ సెలవు మంజూరు చేశారు. సెలవు కాగితంలో కారణం దగ్గర ఆమె చాలాసేపు ఆలోచించి ‘పాము లేక చేప నిమిత్తం’ అని రాశారు.

సార్ భార్య కరుణ టీచరు చపాతీలు, కోడిగుడ్ల కూర ఉన్న క్యారియర్ ఇవ్వడానికి స్టేషన్‌కు వచ్చారు. ఆవిడది ఉప్పాడ. ట్రైనింగులో సార్‌తో కలిసి చదివారు. ఆ రోజు భీమిలిలో పరుగెత్తినవాళ్ళలో ఆవిడా ఉన్నారు.

“ఆ ధైర్యం చూసే కదయ్యా సుధాకర్ ఈయన్ని చేసుకున్నాను,” అన్నారు నాతో నవ్వుతూ. “మీరు ఇప్పుడు చేపని తేల్చుకొస్తే నేనేమైపోవాలి?”

సార్ నవ్వలేదు. సీసాను ఒళ్ళో ఇంకాస్త దగ్గరికి జరుపుకున్నారు.

బండి ఏడుంపావుకు కదిలింది. విశాఖ వెళ్ళే పగటి బండి ఇది. కూర్చునే సీట్లే, పడక లేదు. కిటికీ వైపు సార్, మధ్యలో సీసా, ఇటు నేను. ఎదురు సీట్లో తాడేపల్లిగూడెం వెళ్తున్న ఒక పెద్దావిడ, ఆవిడ పక్కన నల్గొండలో దిగాల్సిన బట్టల వ్యాపారి. సీసాకు చోటు చాలక నేను సగం సీటు మీదే కూర్చున్నానని గమనించి, పెద్దావిడ తువ్వాలు వైపు చూశారు.

“ఆవకాయేనా బాబూ? నూనె కారకుండా బాగా కట్టారు.”

“పామండీ,” అన్నారు సార్.

“చేపండీ,” అన్నాను నేను.

వ్యాపారి కాళ్ళు రెండూ పైకి పెట్టుకున్నాడు. పెద్దావిడ మాత్రం తువ్వాలు తీయించి చూసి, కళ్ళు మూసుకుని రెండు చేతులూ జోడించి దండం పెట్టుకున్నారు. తర్వాత నేను పుస్తకం తెరిచి, ఇది పాము కాదని, ఇంగ్లీషులో స్నేక్ ఈల్ అంటారని, పాము రూపంలో ఉండే చేప అని, వెచ్చని సముద్రాల్లో ఒడ్డుకు దగ్గరగా ఇసుకలో బతుకుతుందని బొమ్మ చూపించి చెప్పాను. ఆవిడ ముఖం వాడిపోయింది.

“అయ్యో రాత! నేను నీచు ముట్టని దాన్ని బాబూ. పొద్దున్నే చేపకి దండం పెట్టానా?”

ఆవిడను ఎలా ఊరడించాలో నాకు తెలియలేదు. సార్ ముందుకు వంగి చాలా మర్యాదగా అన్నారు. “మీ దేవుడు మొట్టమొదట ఎత్తింది మత్స్యావతారమే కదమ్మా. మీరు పెట్టిన దండం ఎక్కడికీ పోలేదు.”

ఆవిడ తేరుకున్నారు. క్షణం ఆగి, దాన్ని తానే చేపగా ఒప్పేసుకున్నానని సార్‌కు తెలిసొచ్చింది. “అంటే, ఒకవేళ చేపయితే అని చెబుతున్నాను,” అని నా వైపు తిరిగి గట్టిగా అన్నారు.

ఎనిమిదిన్నర దాటాక టికెట్ తనిఖీ చేసే ఆయన వచ్చాడు. అప్పటికి పెట్టెలో సగం మందికి సంగతి తెలుసు. ఫార్మలిన్ వాసన మిగతా సగం మందికి తెలిసింది.

“ఏందీ లొల్లి? సీసల ఏమున్నది?”

“పాము.”

“పాములు బండిల తీస్కపోవద్దు. నల్గొండల దిగుండ్రి.”

నేను అడ్డుపడ్డాను. “పాము కాదు సార్, చేప.”

“చేపలైతే లగేజీ పెట్టెల బుక్ చెయ్యాలె. మనుషులతోని కూసోబెట్టొద్దు.” ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “జెర మీరిద్దరు ఒక్క మాట మీదికి రాండ్రి. అప్పుడు ఏ రూలు పెట్టాల్నో నేను చూస్త.”

“సార్, జెర చేప అనుండ్రి,” అని సార్ చెవిలో బతిమాలాను. “లగేజీల పెట్టి రసీదు తీస్కుందం. లేకుంటే నల్గొండల దిగిపోవుడే.”

“దిగిపోతానుగానీ అబద్ధమాడను,” అన్నారాయన పెట్టె అంతటికీ వినపడేలా.

వ్యాపారి సీటు మీద పెట్టుకున్న కాళ్ళు దించకుండానే అడిగాడు. “అది బతికున్నదా, సచ్చిందా?”

“ముప్పై ఏళ్ళ కింద చచ్చిపోయింది,” అన్నాను.

టికెట్ల ఆయన ముఖం విప్పారింది. “గట్ల చెప్పరాదు మరి. సచ్చినంక పామేంది, చేపేంది? బడి సామాను.” చార్టు మీద ఏదో రాసుకుని, పోతూ పోతూ వెనక్కి తిరిగి, “నాకైతే పామనిపిస్తున్నది,” అన్నాడు. సార్ ఆయనకు లేచి నమస్కారం చేశారు.

గుంటూరులో పదకొండున్నర. బెజవాడలో భోజనాల వేళ. కరుణ టీచరు ఇచ్చిన చపాతీలు అక్కడ తిన్నాం. గూడెంలో దిగుతూ పెద్దావిడ రెండు అరటిపళ్ళు చేతిలో పెట్టి, ఏ సంగతీ ఉత్తరం రాయమని చిరునామా ఇచ్చి వెళ్ళారు. రాజమండ్రి దాటాక సార్ కునుకు తీశారు. నిద్రలో కూడా చెయ్యి సీసా మూత మీదే ఉంది. విశాఖ చేరేసరికి రాత్రి ఏడున్నర. బస్ స్టాండు పక్క సందులో లాడ్జి తీసుకున్నాం. గది చిన్నదే అయినా నీళ్ళు బాగా వస్తాయి, దోమతెరలు అడిగితే ఇస్తారు. రిజిస్టరులో ‘వచ్చిన పని’ అన్న గడిలో సార్ ‘పాము’ అని రాశారు. కింది వరుసలో నేను ‘చేప’ అని రాశాను. మేనేజరు రెండూ చదివి, తాళం చెవి ఇచ్చే ముందు గదిలో వంట చేయకూడదని రెండుసార్లు చెప్పాడు.

శుక్రవారం పదింటికి సముద్ర జీవుల మీద పరిశోధన చేసే ఒక కార్యాలయానికి వెళ్ళాం. గుమాస్తా చాలా మర్యాదస్థుడు. కుర్చీలు వేయించి, ఒక ఫారం ఇచ్చాడు. మొదటి గడిలోనే ‘జీవి పేరు’ అని ఉంది.

“పేరు తెలుసుకోవడానికే వచ్చామండి,” అన్నాను.

“పేరు రాయకపోతే ఏ విభాగానికి పంపాలో నాకు తెలీదు కదండీ. పాములు మేడ మీద, చేపలు కింద.”

మేడ మీదికి వెళ్తే పాముల ఆయన సీసాను వెలుతురులో పెట్టి ఒక్క చూపు చూసి, ఇది నా విభాగం కాదు, కిందికి వెళ్ళండి అన్నాడు. కింద చేపల ఆయన సెలవులో ఉన్నాడు, సోమవారం వస్తాడు. “మేడ మీద కాదన్నరంటే పాము కాదనే కద సార్,” అన్నాను నేను మెట్లు దిగుతూ. “తన విభాగం కాదన్నాడు. పాము కాదనలేదు,” అన్నారు సార్. మేము సోమవారం దాకా ఉండలేమని తెలిసి గుమాస్తాకే జాలి కలిగింది. గేటు దాకా వచ్చి, పొద్దున్నే భీమిలి వెళ్ళండి, ఒడ్డు మీద నుంచి పెద్ద వల లాగుతారు, అందులో ఇలాంటివి పడుతుంటాయి, ఫారాలు అక్కర్లేదు అని చెప్పాడు.

శనివారం అయిదున్నరకు మొదటి భీమిలి బస్సు ఎక్కాం. ఎడమవైపు కొండలు, కుడివైపు సముద్రం. వెళ్ళదలచినవాళ్ళు కుడివైపు కూర్చోవాలి. ముప్పావుగంటలో దిగి, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి నడిచాం. ఆటు సమయం. నీళ్ళు వెనక్కి తగ్గి, తడి ఇసుక నేల చాలా మేర బయటపడి ఉంది. దాని మీద గోళీలంత ఇసుక ఉండలు, ఎండ్రకాయల కన్నాలు. నది తెచ్చిన మెత్తటి బురద, సముద్రం తెచ్చిన ఇసుక కలిసే ఇలాంటి చోటే ఈ చేపకు ఇల్లు అని నా పుస్తకంలో ఉంది. పగలంతా ఒళ్ళు ఇసుకలో దాచుకుని తల మాత్రం బయట పెట్టి ఉంటుందట. ఎండ్రకాయ దగ్గరికి వస్తే పట్టుకుంటుందట. అది చదివి వినిపిస్తుంటే సార్ వినిపించుకోనట్టు నడుస్తున్నారు. కానీ ప్రతి కన్నం దగ్గరా ఆగుతున్నారు.

వల ఒడ్డుకు వచ్చింది. నూకాలమ్మ అనే యాభై ఏళ్ళావిడ గంప ముందు పెట్టుకుని చేపలు ఏరుతోంది. అమ్ముడుపోయేవి గంపలోకి, పోనివి వెనక్కి సముద్రంలోకి. సార్ సీసా ఆమె ముందు పెట్టి, పాఠం అప్పజెప్పించుకునే గొంతుతో అడిగారు.

“అమ్మా, ఇదేమిటో చెప్పగలవా?”

ఆమె చెయ్యి ఆపకుండా చూసింది. “పాము సేప. మేం తినం బాబూ. దీన్ని సీసాలో ఎట్టుకున్నారేటి?”

“పాము కాదా?”

“పాముకి సెవుల కాడ సిల్లులుంటాయేటి? పామైతే ఊపిరికి పైకి రావాల. ఇది నీళ్ళలోనే పీలుస్తాది. రోజూ నాలుగు పారేస్తాం.”

అంటూనే వల మూలలోంచి ఒకదాన్ని మెడ దగ్గర పట్టుకుని తీసింది. మూరెడు పొడుగు, బూడిద గోధుమ రంగు, తడికి మెరుస్తోంది. అది నోరు తెరిచి ఆమె వేలిని కరవడానికి తిప్పలు పడింది. సార్ ఒక అడుగు వెనక్కి వేశారు. నేను రెండు వేశాను. నూకాలమ్మ దాన్ని చీలమండ లోతు నీళ్ళలో వదిలింది.

తర్వాత జరిగింది నేను పుస్తకంలో చదివిందే అయినా, చదివినప్పుడు నమ్మలేదని అప్పుడు తెలిసింది. అది తల ముందు పెట్టి పారిపోలేదు. తోక మొనను ఇసుకలో గుచ్చింది. ఒళ్ళంతా సన్నగా వణికిస్తూ, మమ్మల్నే చూస్తూ, వెనక్కి వెనక్కి నేలలోకి దిగిపోయింది. నాలుగైదు క్షణాల్లో మూరెడు చేప మాయమై, పైన బొటనవేలంత తల మిగిలింది. పై పెదవి మీద రెండు చిన్న గొట్టాల్లాంటి ముక్కుపుటాలు, గింజల్లాంటి రెండు కళ్ళు.

సార్ మోకాళ్ళ మీద కూర్చున్నారు. అది చాలక, ఇస్త్రీ చొక్కాతో, చేతి గడియారంతో ఆ నీళ్ళలో బోర్లా పడుకున్నారు. ముఖం దాని ముఖానికి జానెడు దూరంలో పెట్టి చూస్తూ ఉండిపోయారు. దూరం నుంచి చూసినవాళ్ళకు ముసలాయన పడిపోయినట్టు కనపడింది. పదిమంది పరుగెత్తుకొచ్చారు. ఒకాయన గోలీసోడా తెచ్చాడు, ఒకాయన అరికాళ్ళు రుద్దడం మొదలుపెట్టాడు.

“ఏటైనాది? ఏటైనాది?”

“ఏం కాలేదండీ. చేపను చూస్తున్నారు,” అన్నాను.

అప్పుడు వాళ్ళందరికీ నిజంగా భయం వేసింది. ఇంకొకాయన తల మీద చల్లడానికి నీళ్ళు తెచ్చాడు.

సార్ నీళ్ళలో నుంచే తల తిప్పి, “ఒరేయ్ సుధాకర్, చెప్పు, ఇది వెనక్కే ఎందుకు దిగుతుంది?” అని అడిగారు.

ఆయన నన్ను ప్రశ్నలు చాలా అడిగారు బడిలో. కానీ జవాబు తనకు తెలియని ప్రశ్న అడగడం అదే మొదలు. తోక చివర రెక్క ఉండదని, ఎముక గట్టిగా మేకులా ఉంటుందని, అదే తవ్వే పనిముట్టని, ముఖం బయట ఉంటే తిండీ శత్రువూ రెండూ కనపడతాయని చెప్పాను. “అరిగిపోయిన తోక కాదన్నమాట,” అన్నారు. అంతే. లేచి, సోడా తాగి, తెచ్చినాయనకు, కాళ్ళు రుద్దినాయనకు థాంక్స్ చెప్పారు.

బస్ స్టాండు దగ్గర ఫోను బూత్ ఉంది. ఒంటి నుంచి నీళ్ళు కారుతుండగానే ఇంటికి ఫోను చేశారు. నేను బయట నిలబడ్డాను. తలుపు సరిగ్గా పడదు, అంతా వినపడింది.

“కరుణా, అది చేప.” అవతలి మాట విన్నారు. “ఏంటీ? నీకు తెలుసా? ఎప్పట్నుంచి?” రిసీవరు ఇంకో చెవికి మార్చుకున్నారు. “మరి ముప్పై ఏళ్ళూ ఎందుకు చెప్పలేదు?”

బయటికి వచ్చి నీళ్ళోడుతున్న జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డారు. “ఉప్పాడ పిల్లని, నాకు తెలీదా అంటుందిరా. ఆ రోజు అందరూ పరిగెడుతుంటే తనూ ఊరికే పరిగెత్తిందట.”

“మరి చెప్పలేదా సార్?”

“అడగలేదుగా అంటుంది. ‘అది పామని మీరనుకునే కదా పట్టుకున్నారు. నాకంతే చాలింది’ అంది.” ముక్కు తుడుచుకున్నారు. “ఫార్మలిన్ వాసన” అన్నారు. ఆ సీసా అప్పుడు నా సంచిలో, మూత బిగించి ఉంది.

ఆదివారం పొద్దున ఆరుంపావుకు తిరుగు బండి. ఆరాధన మానడం తనకు ఇష్టం లేదని బండి కదిలే ముందే సార్ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. అన్నవరం, సామర్లకోట, గోదావరి వంతెన, ఏలూరు అన్నీ దాటిపోయాయి. సార్ కూర్చున్న చోటు నుంచి కదలలేదు. నేను గెలిచినవాణ్ణి. గెలిస్తే ఇలా ఉంటుందని అనుకోలేదు. చిన్నప్పుడు మా ఇంటి బావి దగ్గర పాము కనపడితే మా అమ్మ నన్ను పంపింది ఈయన ఇంటికే. ఆ మనిషి దగ్గర ఉన్న ఒక్క వస్తువును నేను లాగేసుకుని తీసుకుపోతున్నట్టు అనిపించింది.

మిర్యాలగూడ దాటాక, సాయంత్రం నాలుగు గంటల వేళ, ఆయన హఠాత్తుగా నా మోచెయ్యి పట్టుకున్నారు.

“ఒరేయ్, షెడ్డు పక్క క్వార్టర్లో పట్టాను చూడు. అది నాగుపామేనా?”

“పడగ విప్పింది కద సార్. నేను సుత చూసిన.”

“వర్క్‌షాపు గోడ వెనకాల?”

“కట్లపాము సార్.”

“అల్వాల్‌లో మా పాస్టరు గారి వంటింట్లో, పొయ్యి కింద?”

“రక్తపింజరి. మీరే మాకు క్లాసుల చూపించిండ్రు.”

“అన్నీ నిజం పాములే?”

“అన్నీ సార్.”

ఆయన రెండు చేతులూ ఒళ్ళోకి తెచ్చుకుని చూసుకున్నారు. “సముద్రపు పామే నన్నేం చెయ్యలేదు, ఇవెంత అనుకునేవాణ్ణిరా. ఆ ధైర్యంతోనే చెయ్యి పెట్టేసేవాణ్ణి. దేవా, ఎన్నిసార్లు పెట్టాను!”

టీ వస్తే రెండు తీసుకున్నాను. ఆయన గ్లాసు సగం చొక్కా మీద ఒలికింది. తుడుస్తూ, ఏదో ఒకటి అనాలి కదా అని, “ఇంకమీదట ఎవరన్న పిలిస్తే అటవీ శాఖోళ్ళకు ఫోన్ చెయ్యమందం సార్. పరేషాన్ ఎందుకు?” అన్నాను.

“వాళ్ళు వచ్చేసరికి ఎంతసేపు పడుతుంది?”

“రెండు గంటలన్న పడ్తది.”

“ఇంట్లో పిల్లలుంటే?”

కిటికీలోంచి గాలికి ఆయన నెరిసిన జుట్టు పైకి లేస్తోంది. మౌలాలి దగ్గర బండి నెమ్మదించింది. ఎవరెవరో లేచి సామాన్లు దించుకుంటున్నారు. నాలుగు రోజులు తిరిగి నేను నేర్చుకున్నదంతా, ఒక చేప ఇసుకలోకి ఎలా దిగుతుందో కూడా కలిపి, ఆ తర్వాత ఆయన అన్న మాట ముందు చిన్నదిగా కనపడింది.

“పిలిస్తే వెళ్తాన్రా,” అన్నారు చెప్పులు వెతుక్కుంటూ. “కాకపోతే ఇకనుంచి భయపడుతూ వెళ్తాను.”